ఐబ్ చెప్పి ఇచ్చిన కారు



మేము కారు మార్చామని తెలిసిన దగ్గర్నుంచి ఇక్కడి దోస్తులు ఫోన్లు చేస్తున్నారు. "పాత బండి డీలర్‌కే ఇచ్చేశారంట కదా భాయ్, ఎంతిచ్చాడు? మంచి సౌదానేనా?" అని. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్తూ వచ్చాను. లెక్కలు కావాలన్నవాళ్ళకు లెక్కలు చెప్పాను, మిగతాది చెప్పలేదు. మిగతాదే అసలు సంగతి. అందుకని రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నా.

మేముండేది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో. పాత కారు 2011 మోడల్ సెడాన్. 1,62,000 మైళ్ళు తిరిగింది. తొమ్మిదేళ్ళు మా దగ్గరుంది. ముగ్గురు పిల్లల్నీ ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది ఆ బండే. ఇప్పుడు కడప నుంచి అమ్మీ, అబ్బా వస్తామన్నారు. మేం ఐదుగురం, వాళ్ళిద్దరు, మొత్తం ఏడుగురం. మన ఊళ్ళో అయితే ఐదుగురి బండిలో ఏడుగురం ఇరుక్కుని మస్తుగా వలీమాకు పోయొస్తాం. ఇక్కడ అది కుదరదు, ప్రతి మనిషికీ సీటు బెల్టు ఉండాల్సిందే. అందుకని మూడేళ్ళు వాడిన మినీవ్యాన్ ఒకటి చూసుకున్నాం. ధర 26,000 డాలర్లు.

ముందు లెక్కలు చెప్తా. ఇక్కడికి కొత్తగా వచ్చిన పిల్లలకు పనికొస్తాయి.

పాత బండిని డీలర్‌కే ఇచ్చి, దాని కీమత్‌ను తీసుకునే బండి ధరలో తగ్గించుకోవడాన్ని ఇక్కడ ట్రేడ్-ఇన్ అంటారు. బయట మనిషికి అమ్మితే కాస్త ఎక్కువ వస్తుంది, అందరికీ తెలిసిందే. కానీ చాలామంది మర్చిపోయేది టాక్సు. టెక్సాస్‌లో బండి కొంటే 6.25 శాతం టాక్సు కట్టాలి. ట్రేడ్-ఇన్ చేస్తే మొత్తం ధర మీద కాకుండా, పాత బండి విలువ తీసేసిన తర్వాత మిగిలిన దాని మీదే టాక్సు. మా సంగతే చూడండి. 26,000 మీద అయితే టాక్సు 1,625 డాలర్లు. పాత బండికి 3,100 ఇచ్చారు కాబట్టి 22,900 మీద 1,431 డాలర్ల 25 సెంట్లు కట్టాం. అంటే 193 డాలర్ల 75 సెంట్లు మిగిలాయి. బయట మనిషి 3,300 ఇచ్చినా నాకు అదనంగా మిగిలేది ఆరు డాలర్ల పైచిల్లర. దానికోసం తెలియనివాళ్ళను ఇంటికి పిలిచి, టెస్ట్ డ్రైవ్‌లిచ్చి, టైటిల్ కాగితాలు మార్పించుకుని తిరగడం ఎందుకు? అన్ని రాష్ట్రాల్లో ఈ సౌలత్ లేదు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకు ట్రేడ్-ఇన్ చేసినా టాక్సు తగ్గదు.

రెండోది, డీలర్ దగ్గర మూడు లెక్కలుంటాయి. కొనే బండి ధర ఒకటి, పాత బండి విలువ ఒకటి, నెలకు ఎంత కట్టాలనేది ఒకటి. మూడింటినీ కలిపి మాట్లాడటం వాళ్ళకు అలవాటు. పాత బండికి వెయ్యి ఎక్కువిచ్చామని చెప్పి కొత్తదాని మీద వెయ్యి పెంచుతారు. మా సీమ సంతల్లో పశువుల దలాలీలు తువాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకుని ధర మాట్లాడుకుంటారు. పక్కన నిలబడినవాడికి ఏమీ తెలియదు. ఇక్కడ తువాలు లేదు గానీ లోపలి గదిలో ఒక మేనేజర్ ఉంటాడు. సేల్స్‌మన్ ఐదు నిమిషాలకోసారి "మా మేనేజర్‌ను అడిగొస్తా" అని వెళ్ళొస్తుంటాడు. కాబట్టి ముందు కొనే బండి ధర తేల్చుకోండి, టాక్సు, ఫీజులతో సహా కాగితం మీద రాయించుకోండి. ఆ తర్వాతే పాత బండి మాట ఎత్తండి. పాతదాని విలువ ఎంతో ఇంట్లోనే చూసుకుని పోండి. 1926 నుంచి లెక్కలు కడుతున్న కెల్లీ బ్లూ బుక్ ఉంది, ఇంటర్నెట్‌లో పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. అందులో బయట అమ్మితే ఎంత, ట్రేడ్-ఇన్ అయితే ఎంత అని వేరువేరుగా ఉంటుంది. పాత బండి మీద లోను బాకీ ఉండి, బండి విలువ కంటే బాకీయే ఎక్కువైతే, ఆ తేడాను కొత్త లోనులో కలిపేస్తారు. అది సూద్ మీద సూద్. దాంట్లో పడొద్దు.

సూద్ మాట వచ్చింది కాబట్టి అదీ చెప్తా. మేము డబ్బు కూడబెట్టుకుని, దోస్తులం కలిసి వేసుకునే సూద్ లేని చిట్టీ ఎత్తుకుని వెళ్ళాం. మొత్తం నగదుగా కడతామంటే డీలర్లు సంతోషిస్తారని అనుకుంటాం. సంతోషించరు. బ్యాంకు ఇచ్చే రేటు మీద ఇంకాస్త వేసి, ఆ తేడాలో వాటా తీసుకోవడం వాళ్ళ ఆదాయంలో ఒక భాగం. "మా దగ్గర లోను తీసుకుంటే 750 తగ్గిస్తాం, మూడు నెలలయ్యాక కట్టేసుకోండి" అన్నారు. మూడు నెలల సూదైనా సూదే కదా. వద్దన్నాం. ఆ 750 పోయింది. ఇంటికొచ్చాక దాని గురించి మళ్ళీ అనుకున్నది లేదు.

ఇక ఐబ్ సంగతి.

ఐబ్ అనే మాట మన ఇళ్ళల్లో పిల్లలకు బక్రీద్ మేక దగ్గరే తెలుస్తుంది. కుంటిది పనికిరాదు, ఒక కన్ను పోయింది పనికిరాదు, బక్కచిక్కి ఎముకలు తేలింది పనికిరాదు. మా అబ్బా బక్రీద్‌కు ముందు నెలన్నర మేకలు తెచ్చి అమ్మేవారు. ఒక ఏడాది ఒక మేక కంట్లో పువ్వు పడింది. దూరం నుంచి చూస్తే తెలియదు, మగ్రిబ్ వేళ అయితే అసలే తెలియదు. కొనడానికొచ్చినాయన పళ్ళు చూశాడు, వీపు తడిమాడు, ధర ఒప్పుకున్నాడు, డబ్బు తీశాడు. అప్పుడు అబ్బా మేక తల తిప్పి, "ఈ కన్ను చూసుకోండి సాహెబ్, ఖుర్బానీకి పనికిరాదు" అన్నారు. ఆయన వేరే మేక కూడా చూడకుండా పక్క దుకాణానికి పోయాడు. ఆ మేక పండగ అయిపోయాక కూడా చాలా రోజులు మా ఇంటి వెనకే ఉండింది. అమ్మీ దానికి గడ్డి వేసినప్పుడల్లా అబ్బాను తిట్టేది. చివరికి కసాయికి తక్కువ ధరకు ఇచ్చేశారు. అబ్బాకు దానివల్ల ఏ ఫాయిదా జరిగినట్టు నేను చూడలేదు.

మా కారుకు కూడా అలాంటి ఐబ్ ఒకటి ఉంది. ఇంజన్ ఆయిల్ తాగుతుంది. ప్రతి 1,000 మైళ్ళకు ఒక క్వార్ట్, అంటే లీటరుకు కాస్త తక్కువ. కింద చుక్క కారదు. కంటికి కనపడేంత పొగ రాదు. డాష్‌బోర్డ్ మీద లైటు వెలగదు. పిస్టన్ రింగులు అరిగాయని, ఇంజన్ విప్పితే బండి ఖరీదు కంటే మజూరీయే ఎక్కువవుతుందని మెకానిక్ చెప్పాడు. "చూసుకుని పోసుకుంటూ ఉండు, ఇంకా చాన్నాళ్ళు నడుస్తుంది. ఆయిల్ అయిపోనిచ్చావో, ఇంజన్ పోతుంది" అన్నాడు. అందుకని డిక్కీలో ఎప్పుడూ ఒక ఆయిల్ డబ్బా ఉండేది. శనివారం ఫజర్ అయ్యాక పుల్ల తీసి చూసి, ఎంత తగ్గిందో అంత పోసి, ఒక చిన్న నోట్‌బుక్‌లో తేదీ, మైళ్ళు రాసుకునేవాణ్ణి.

ఇది ఎవరికీ దొరకని ఐబ్. ఆయిల్ నిండుగా పోసి తీసుకెళితే పుల్ల మీద గీత సరిగ్గా ఉంటుంది. పదిహేను నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో ఏమీ బయటపడదు. టెక్సాస్‌లో మామూలు కార్లకు సేఫ్టీ తనిఖీ 2025 జనవరి 1 నుంచి తీసేశారు. డల్లాస్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది గానీ, అందులో మా బండి ప్రతి ఏడాదీ పాసయింది. డీలర్ వెబ్‌సైటులో బండి వివరాలు నింపితే యాక్సిడెంట్ అయిందా, వరదలో మునిగిందా, ఏదైనా లైటు వెలుగుతోందా, ఎన్ని మైళ్ళు అని అడిగింది. అన్నిటికీ ఉన్నది ఉన్నట్టే రాశా. ఆయిల్ గురించి అడగనేలేదు. బండి చూశాక ఖాయం చేస్తామంటూ 4,400 డాలర్లు చూపించింది.

ఆ వారం ఇంట్లో, మస్జిద్‌లో ఇదే ముచ్చట. జుమ్మా తర్వాత పార్కింగ్‌లో ఒక హైదరాబాదీ భాయ్ కలిశాడు. పాత కార్ల వ్యాపారంలో పదేళ్ళుగా ఉన్నవాడు. నమాజీ, నేక్ ఆద్మీ. "మియా, నువ్వు అమ్మేది అమాయకుడికి కాదు. వాళ్ళు రోజుకు ఇరవై బళ్ళు చూస్తారు. పాత బండిలో ఏదో ఒకటి ఉంటుందని వాళ్ళకు తెలుసు, ఆ రిస్కు కలుపుకునే తక్కువ ధర చెప్తారు. నువ్వు ఐబ్ చెప్తే అదే ఐబ్‌కు రెండుసార్లు తగ్గించుకుంటారు. అడిగితే ఝూట్ చెప్పకు. అడగకపోతే ఊరుకో" అన్నాడు.

ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. అందులో హక్ ఉంది. డీలర్లు వాళ్ళ దగ్గర కొనేవాడికి మాత్రం అన్నీ చెప్తారా? ఇక్కడి చట్టం ప్రకారం వాడిన కారు అమ్మే డీలర్ అద్దం మీద ఒక కాగితం అతికించాలి. చాలాసార్లు దాని మీద వారంటీ లేదు, యాజ్ ఈజ్ అని ఉంటుంది. అంటే ఉన్నది ఉన్నట్టు తీసుకో, తర్వాత నా పూచీ లేదు అని. డీలర్ షాపులో కొన్న కారును మూడు రోజుల్లో తిరిగిచ్చేయొచ్చని చాలామంది నమ్ముతారు, టెక్సాస్‌లో అలాంటి చట్టం ఏమీ లేదు. బజారే ఇలా ఉన్నప్పుడు నేనొక్కణ్ణి నోరు తెరవడం దేనికి అని ఎవరికైనా అనిపిస్తుంది.

నాకు అడ్డం వచ్చింది ఒకటే. నాకు తెలియనిది ఉంటే అది రిస్కు. దాన్ని డీలర్ ధరలో కలుపుకున్నాడు, సరే. నాకు తెలిసినదాన్ని, పోయిన శనివారం కూడా నా చేత్తో ఆయిల్ పోసి నోట్‌బుక్‌లో రాసుకున్నదాన్ని, రిస్కు అని ఎలా అంటాను? ప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం మదీనా బజారులో ధాన్యం కుప్పలో చెయ్యి పెడితే లోపల తడి తగిలిన వాకియా మన పిల్లలకు మక్తబ్‌లోనే చెప్తారు. వానకు తడిసిందని అమ్మేవాడు అంటే, మరి తడిసింది పైన ఎందుకు పెట్టలేదని అడిగారు. ఆ మనిషి కూడా అబద్ధం చెప్పలేదు. అడగ్గానే నిజం చెప్పాడు. పొడిది పైకి వచ్చేలా ఉంచాడు, అంతే. నిండుగా ఆయిల్ పోసి తీసుకెళ్ళిన బండి కూడా అలాంటి కుప్పే.

కూఫాలో బట్టల వ్యాపారం చేసిన ఇమామ్ అబూ హనీఫా రహ్మతుల్లాహి అలైహి గురించి కూడా పెద్దలు చెప్తారు. ఐబ్ ఉన్న గుడ్డను ఐబ్ చెప్పి అమ్మమని భాగస్వామికి ఇస్తే, ఆయన మర్చిపోయి అమ్మేశారట. కొన్నవాడు దొరకలేదు. ఇమామ్ సాబ్ ఆ డబ్బంతా సద్‌ఖా చేసేశారు. మర్చిపోయినదానికే అంత చేస్తే, గుర్తుండీ ఊరుకున్నదానికి ఏం చెప్పాలి?

ఇంకొకటి నా సొంత సంగతి. కంపెనీని మోసం చేస్తే మనిషిని మోసం చేసినట్టు కాదని మనవాళ్ళలో కొందరికి ఒక ఖయాల్ ఉంది. 2008లో నేను ఆర్లింగ్టన్‌లో చదువుకునేవాణ్ణి. అప్పట్లో ఆ ఊళ్ళో సిటీ బస్సు అన్నదే లేదు. రోడ్డు పక్క చిన్న లాటులో 2,200 డాలర్లకు ఒక కారు కొన్నా. నాలుగు నెలలకు గేరు పెట్టె పోయింది. ఆయిల్ మార్చి, ఒక మందు పోసి, నాలుగు రోజులు నడిచేలా చేసి వదిలారని తర్వాత మెకానిక్ చెప్పాడు. ఎవరు చేశారో నాకెప్పటికీ తెలియదు. నాకు అమ్మినవాడు వేలంలో కొన్నాడు. వేలానికి ఏదో డీలర్ పంపాడు. ఆ డీలర్‌కు ఎవరో ట్రేడ్-ఇన్ ఇచ్చారు. ఆ మొదటి మనిషి కూడా కంపెనీకే ఇచ్చాననుకుని ఉంటాడు. జూలై ఎండలో రెండు చేతుల్లో సామాన్ల సంచులతో మూడు మైళ్ళు నడిచింది మాత్రం నేను. పాత బండి డీలర్ దగ్గర ఆగదు. చివరికి దాన్ని కొనేది మంచి బండి కొనలేనివాడే. కొత్తగా వచ్చిన విద్యార్థి, రాత్రి షిఫ్టు చేసే అమ్మ, మెక్సికో నుంచి వచ్చిన కూలీ. వాళ్ళకు ఆయిల్ చూసుకోవాలని చెప్పేవాళ్ళుండరు. హైవే మీద ఇంజన్ పట్టేస్తుంది.

ఇంటావిడతో మాట్లాడితే ఆమె ఫత్వాల జోలికి పోలేదు. "చెప్తే తగ్గిస్తారు. ఎంత తగ్గినా అంతే అని ఇక్కడే అనుకుని పోదాం. అక్కడికి పోయాక దిల్ మార్చుకోవద్దు" అంది. కాసేపాగి, "అది అమ్మీ టికెట్ డబ్బు" అని కూడా అంది. నిజమే. బండికి 4,400 వస్తుందనుకుని, మిగిలేదాంతో ఇద్దరి టికెట్లూ డిసెంబరుకు తీసుకుందామని లెక్క వేసుకుని ఉన్నాం.

డీలర్ దగ్గర బండి చూడటానికొచ్చిన పెద్దాయనకు తాళాలివ్వక ముందే చెప్పేశా. ఆయన మెచ్చుకోలేదు, ఆశ్చర్యపోలేదు. "ఎన్ని మైళ్ళకు?" అని అడిగి రాసుకున్నాడు. బండి నడిపొచ్చి 2,700 అన్నాడు.

ఇక్కడ ఒక మాట. ఐబ్ చెప్పినంత మాత్రాన బేరం మానుకోవాలని షరియత్‌లో ఎక్కడా లేదు. అంతకు ముందే వాడిన కార్లు కొనే ఒక పెద్ద కంపెనీ వెబ్‌సైటులో, ఇంజన్ సమస్య ఉందన్న గడిలో టిక్కు పెట్టి మరీ 2,900 ఆఫర్ తీసుకున్నా. అది ఏడు రోజులు చెల్లుతుంది. కాగితం ముందు పెట్టా. కొత్త టైర్ల రసీదు పెట్టా. రెండో తాళం పెట్టా. తాళం లేకపోతే వందల డాలర్లు కోస్తారు. మేనేజర్ గదికి మూడు తిరుగుళ్ళు తిరిగాక 3,100కు ఖాయమైంది.

4,400కూ 3,100కూ తేడా 1,300. దాని మీద టాక్సు ఆదా కూడా పోయింది కాబట్టి మొత్తం 1,381 డాలర్ల 25 సెంట్లు. నిజం చెప్పడానికి మాకు పడిన ఖర్చు ఇది. నేకీ ఎక్కడికీ పోదంటారు, కానీ ఈ లోకంలో దానికి రసీదు ఇంత అని తెలిసుండటం మంచిది. అల్లాహ్ ఇంకో దారిలో రెట్టింపు ఇచ్చాడని రాస్తే ఈ కిస్సా చదవడానికి బాగుంటుంది. అలాంటిదేమీ జరగలేదు. డిసెంబరు టికెట్లు వదులుకున్నాం. అమ్మీ, అబ్బా ఈద్ అయ్యాక వస్తారు, ఇన్‌షాఅల్లాహ్. అమ్మీకి ఫోన్లో చెప్తే, "మీ నాన్న మేక కథ మళ్ళీ మొదలైంది" అంది. అబ్బా ఫోన్ తీసుకుని, "ఐబ్ బోల్ దియే క్యా బేటా?" అని అడిగారు. బోల్ దియా అన్నా. "కిత్తే కమ్ కరే?" అన్నారు. చెప్పా. డాలర్లను రూపాయల్లోకి మార్చుకుంటున్నట్టున్నారు, కాసేపు మాట్లాడలేదు. "చలో, ఠీక్ హై" అన్నారు.

సంతకాలయ్యాక మేనేజర్‌ను అడిగా, ఈ బండి ఏమవుతుందని. ఇంత పాతది తమ లాటులో పెట్టరట, డీలర్ల వేలానికి పోతుందట. ఆయిల్ సంగతి రాసిన కాగితం బండితో పాటు పోతుందా అంటే, వేలంవాళ్ళకు వాళ్ళ తనిఖీలు వాళ్ళకుంటాయన్నాడు. అంటే పోదనే అర్థం. నా కొనుగోలుదారుకు చెప్పడం నా మీద ఫర్జ్, చెప్పాను. ఆ తర్వాత అమానత్ వాళ్ళది. మసలాగా చూస్తే నా పని అయిపోయింది. దిల్ మాత్రం అంత త్వరగా ఒప్పుకోలేదు.

బండి ఖాళీ చేసేటప్పుడు మర్చిపోకుండా చేయాల్సినవి కూడా చెప్తా. టోల్ ట్యాగ్ పీకేయండి, లేదంటే వేరేవాళ్ళు తిరిగిన టోల్ మీ ఖాతాలో పడుతుంది. గ్యారేజీ రిమోటు తీసుకోండి. కారులో దాచుకున్న ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసు చెరిపేయండి. బండి మీ పేరు మీద నుంచి పోయినట్టు రాష్ట్ర మోటారు శాఖకు తెలియజేయండి. ఆ తర్వాతే పాత బండి ఇన్సూరెన్సు ఆపండి. సన్‌వైజర్‌కు తగిలించిన సఫర్ కీ దుఆ కార్డు, సీట్ల సందుల్లో పడ్డ తస్బీహ్ వెతికి తీసుకోండి.

నేను డిక్కీలోని ఆయిల్ డబ్బా తీయలేదు. సగం ఉంది. ఆయిల్ లెక్క రాసిన నోట్‌బుక్ కూడా ముందు అరలో బండి పుస్తకంతో పాటే పెట్టేశా. మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో, ఇంటర్నెట్‌లో చూసుకుని స్పానిష్‌లో, వారానికోసారి ఆయిల్ చూసుకోమని రాశా. వేలంలో ఎవరో తీసి పారేస్తారేమో. పారేయకపోతే ఎవరికో ఒకరికి పనికొస్తుంది.

మీ పాత బండి ఇచ్చేటప్పుడు ధర గురించి నన్ను అడగండి, తెలిసింది చెప్తా. ఐబ్ గురించి మాత్రం ఇంట్లోనే, తాళాలు చేతికి తీసుకోక ముందే తేల్చుకోండి. షాపులో కూర్చున్నాక నఫ్స్‌కు చాలా దలీళ్ళు దొరుకుతాయి.